ఉపకారమా, వేతనమా?

రాజధానిలో ఆదివారం మధ్యాహ్నం నలుగురి నోటా తెలుగు వినాలంటే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనుకు వెళ్లాలి. నాయకుల వెంట పనుల మీద వచ్చినవారు, సచివాలయ ఉద్యోగులు, గోంగూర రుచి మరిగిన ఉత్తరాదివారు అందరూ అక్కడ ఒకే వరుసలో నిలబడి భోజనం కోసం వేచి ఉంటారు. వర్షాలు వెనుకబట్టే రోజులలో ఆ వరుసలో కొన్ని కొత్త ముఖాలు చేరుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు వారు. మంత్రుల పత్రికా సమావేశాలలో వినిపించని సంగతులు కొన్ని ఆ పిల్లల దగ్గర వినిపిస్తాయి.

ఇటీవల అలా నా ఎదుట కూర్చొన్న అమ్మాయి శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చింది. తండ్రి కౌలు రైతు. ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు, ఆపైన ప్రవేశ పరీక్షలో మంచి స్థానం తెచ్చుకొని ఒక కాలేజీలో ఎకనామిక్స్ ఆనర్సులో చేరింది. ఇప్పుడు రెండవ సంవత్సరం. నేను పత్రికలో పనిచేస్తానని తెలిసి ఒక ప్రశ్న అడిగింది. "మీరు పేపరువారు కదండీ, మొదటి ఏడు తప్పిపోయిన స్కాలర్‌షిప్పు రెండో ఏడు ఇప్పించే దారి ఏదైనా ఉందాండీ?"

లేదమ్మా అని చెప్పడం కష్టమైంది. కాని లేదు. కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనానికి పన్నెండవ తరగతి ఉత్తీర్ణులైన ఏడాదిలోనే, కాలేజీలో మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. అప్పుడు చేయనివారు తరువాత చేయడానికి వీలులేదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా సాధారణంగా అక్టోబరు నెలాఖరుతో గడువు ముగుస్తుంది. ఈ అమ్మాయికి ఆ పథకం సంగతి పక్క గది విద్యార్థిని చెప్పగా తెలిసింది. తెలిసేసరికి జనవరి వచ్చింది. ఒక ఏడాది ఏమరుపాటు కాదు ఆమె పోగొట్టుకొన్నది, డిగ్రీ చదువంతటికీ అందవలసిన సహాయం.

"మార్కులు తెచ్చుకోవడానికి రెండేళ్లు చదివానండి. ఈ స్కాలర్‌షిప్పు ఎక్కడ ఉందో వెతకడం మాత్రం ఎవరూ నేర్పలేదు" అన్నది. ఆ మాట నన్ను వారం రోజులుగా వెంటాడుతున్నది. ఈ వారం పార్లమెంటు వార్తలు పక్కన పెట్టి ఈ సంగతి రాయడానికి అదే కారణం.

ఢిల్లీ విశ్వవిద్యాలయం చిన్న సంస్థ కాదు. 1922లో నెలకొన్న ఈ విద్యాలయం కింద నేడు దాదాపు 90 కాలేజీలున్నాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో సీట్లు సుమారు 71 వేలు. ఇంత పెద్ద సంస్థలో ప్రతిభకు సహాయం లేదని ఎవరూ అనలేరు. కేంద్ర విద్యాశాఖ పథకం ఒకటి, యూజీసీ పథకాలు కొన్ని, సామాజిక న్యాయశాఖవి మరికొన్ని, సొంత రాష్ట్రాలవి వేరు. విశ్వవిద్యాలయం విభాగాలలో చదివే పేద విద్యార్థులకు ఫీజు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉన్నది. కాలేజీలలో సహాయ నిధులున్నాయి. ఎప్పుడో ఏ దాతో తన తండ్రి పేర, భార్య పేర నెలకొల్పిన స్మారక బహుమతులున్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దరఖాస్తు, ఒక్కొక్క గడువు, ఒక్కొక్క గుమాస్తా. కొన్ని నోటీసు బోర్డు మీద, కొన్ని కంప్యూటరు తెర మీద, మరికొన్ని కాలేజీ ప్రాస్పెక్టస్ చివరి పుటలలో చిన్న అక్షరాలలో ఉంటాయి. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, మొదటి సంవత్సరం విద్యార్థికి చేరిన రోజునే చేతికిచ్చే మనిషి మాత్రం కనిపించడు.

ఫలితం ఊహించడం కష్టం కాదు. చదువుకొన్న కుటుంబాల పిల్లలకు ఇంట్లోనే ఒక అన్నో, మేనమామో ఈ దారులన్నీ చెబుతారు. కౌలు రైతు కూతురికి చెప్పేవారుండరు. ఉపకార వేతనం ఎవరి కోసం పుట్టిందో వారికే దాని ఆచూకీ తెలియదు. ప్రతిభకు పెట్టిన పరీక్ష ఒకటైతే, సమాచారానికి పెట్టిన పరీక్ష రెండవది. పేదవాడు మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో ఓడిపోతున్నాడు.

వెతికి పట్టుకొన్నవారి కథ కూడా సుఖాంతం కాదు. ఆ అమ్మాయి పక్కనే కూర్చొన్న నల్లగొండ జిల్లా కుర్రవాడు గడువులోగానే దరఖాస్తు చేశాడు. ఆదాయ ధ్రువపత్రం కోసం తండ్రి మండల కార్యాలయం చుట్టూ తిరిగాడు. ఆధార్, బ్యాంకు ఖాతా జతపరిచారు. ఇంతలో కాలేజీ సహాయ నిధి నుంచి సగం ఫీజు రాయితీ వచ్చింది. అప్పుడు తెలిసింది, కేంద్ర ఉపకార వేతనం పొందేవారు మరే స్కాలర్‌షిప్పూ, ఫీజు రాయితీ, రీయింబర్స్‌మెంటూ పొందరాదని. చేతికి వచ్చిన రాయితీని వదులుకొని, వస్తుందో రాదో తెలియని వేతనం కోసం ఎదురు చూడాలా? అతడు రాయితీనే ఉంచుకొన్నాడు. తప్పు చేశానేమో అని నన్నడిగాడు. ఆర్థికశాఖలో ఆరితేరిన అధికారులు కూడా జవాబు చెప్పలేని ప్రశ్నను పద్దెనిమిదేళ్ల వాని ముందు పెట్టడం న్యాయమా? రెండు సహాయాలు ఒకరికే వద్దనడంలో అర్థమున్నది. రెండింటి ఫలితమూ తేలిన తరువాత ఏదో ఒకటి ఎంచుకోమని అడగవచ్చును గదా!

ఇంతకూ ఆ వేతనమెంత? ఈ పథకం 2008లో మొదలైనప్పుడు డిగ్రీ విద్యార్థికి నెలకు 1,000 రూపాయల చొప్పున పది నెలలకు, అంటే ఏడాదికి 10,000 రూపాయలు నిర్ణయించారు. 2022-23లో దానిని 12,000 చేశారు. ఆ పద్నాలుగేళ్లలో దేశంలో ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. వేతనం పెరిగినది అయిదవ వంతు. చాలా కాలేజీలకు హాస్టళ్లు లేని ఈ నగరంలో, కమలా నగర్‌లోనో విజయ్ నగర్‌లోనో ఇద్దరితో కలిసి గది తీసుకొన్న విద్యార్థికి నెలకు వెయ్యి రూపాయలు ఏ మూలకు వస్తాయి?

సంఖ్య సంగతి కూడా చూడాలి. దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేవి 82,000. సగం బాలికలకు. రాష్ట్రాలకు వాటిని పంచేది 18 నుంచి 25 ఏళ్ల వయసు జనాభాను బట్టి. సైన్సు, కామర్సు, హ్యుమానిటీస్ విద్యార్థులకు 3:2:1 నిష్పత్తి. ఒక్క ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని మొదటి ఏడాది సీట్లకూ, యావద్దేశపు ప్రతిభా వేతనాలకూ ఉన్న తేడా పదకొండు వేలే! 2010-11లో ఉన్నత విద్యలో ఉన్న విద్యార్థులు 2.75 కోట్లు. 2021-22 నాటికి 4.33 కోట్లు. విద్యార్థులు పెరిగారు, వేతనాల సంఖ్య పెరగలేదు.

ప్రతిభ అంటే ఏమిటన్న విషయంలోనూ ప్రభుత్వానికి ఏకాభిప్రాయం లేదు. 2022 నుంచి ఈ విశ్వవిద్యాలయంలో డిగ్రీ ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష మార్కులను బట్టి. ఉపకార వేతనం మాత్రం పన్నెండవ తరగతి బోర్డు పరీక్షలో 80వ పర్సంటైల్ దాటినవారికి. ద్వారం దగ్గర ఒక ప్రతిభ, ఖజానా దగ్గర మరొక ప్రతిభ!

రాజధానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉన్నది. జాతీయ ప్రతిభాన్వేషణ అనే పథకాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 1963లో ఈ ఢిల్లీలోనే పది ఉపకార వేతనాలతో ప్రారంభించింది. మరుసటి ఏడు దానిని దేశమంతటికీ విస్తరించారు. 1976లో సామాజిక శాస్త్రాలకు కూడా చోటిచ్చారు. ఆ పేరులోని 'అన్వేషణ' అన్న మాటను గమనించాలి. ప్రతిభను వెతకడం ప్రభుత్వం పని అని ఆనాటి వారు భావించారు. 2021 మార్చి 31తో అనుమతి ముగిసిందని చెప్పి ఆ పథకాన్ని నిలిపివేశారు. ఇప్పుడు వెతుకులాట విద్యార్థి వంతు అయింది.

మన భాషలో ఈ సహాయానికి 'ఉపకార వేతనం' అని పేరు పెట్టిన పెద్దలెవరో తెలియదు గాని, వివాదమంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది. ఉపకారమైతే దాత ఇష్టం. అడిగినవానికి ఇస్తాడు, అడగనివానికి ఇవ్వడు. వేతనమైతే అది హక్కు. పని చేసినవానికి జీతం ఇవ్వడానికి యజమాని గడువు పెట్టి దరఖాస్తు అడగడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో కేంబ్రిడ్జికి వెళ్లినది ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద. ఉపరాష్ట్రపతి హోదాలో ఈ ఢిల్లీ విశ్వవిద్యాలయానికే ఛాన్సలరుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ పేద ఇంట పుట్టి స్కాలర్‌షిప్పుల మీద చదువుకొన్నవారే. 1913లో అంబేడ్కర్‌ను బరోడా సంస్థానం కొలంబియాకు పంపినప్పుడు, తిరిగి వచ్చి పదేళ్లు సంస్థానానికి సేవ చేయాలని ఒప్పందం రాయించుకొన్నది. అది దానం కాదు. రేపటి పనికి ముందుగా ఇచ్చిన జీతం. ఆ పెట్టుబడికి ఈ దేశం పొందిన ప్రతిఫలమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

అధికారుల వాదన లేకపోలేదు. దరఖాస్తు, ధ్రువపత్రం, పరిశీలన లేకపోతే దొంగలు దోచుకుంటారని వారంటారు. 2023లో అల్పసంఖ్యాక వర్గాల ఉపకార వేతనాలపై జరిపిన తనిఖీలో 1,572 విద్యాసంస్థలకు గాను 830 నకిలీవో, పనిచేయనివో అని తేలింది. 144 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని లెక్క తేల్చి సీబీఐకి అప్పగించారు. ఇది నిజమే. కాని ఆ దోపిడీ జరిగింది పోర్టలూ, ధ్రువపత్రాలూ, నోడల్ అధికారులూ అన్నీ ఉండగానే. ఈ తతంగమంతా తెలిసినవారే దోచుకొన్నారు. తెలియని పిల్లలు నష్టపోయారు. కంచె ఎత్తు పెంచినంత మాత్రాన దొంగ ఆగడు, బడికి వెళ్లే పిల్లవాడు ఆగిపోతాడు.

నిజానికి ఎవరు అర్హులో ప్రభుత్వానికి ముందే తెలుసు. 80వ పర్సంటైల్ ఎక్కడ పడుతుందో లెక్క కట్టేది బోర్డులే. మార్కులు సరిచూడడానికి దరఖాస్తు తిరిగి చేరేదీ వాటి దగ్గరకే. అటువంటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ విద్యార్థికి ఒక ఉత్తరం పంపడానికి అడ్డేమిటి? "మీరు ఈ వేతనానికి ప్రతిభ రీత్యా అర్హులు, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపైతే ఫలానా తేదీలోగా ధ్రువపత్రం పంపండి" అని తెలుగులో నాలుగు పంక్తులు చాలు. ఆ ఉత్తరం వెల తపాలా బిళ్ల ఖరీదు. విశ్వవిద్యాలయం తన వంతుగా ప్రతి కాలేజీలో ఒకే కిటికీ, ఒకే జాబితా పెట్టి, ప్రవేశం రోజునే దానిని చేతికివ్వవచ్చు. గడువు తప్పినవారికి రెండవ ఏడాదిలో మరొక అవకాశం ఇవ్వవచ్చు. వీటికి కొత్త చట్టాలు అక్కరలేదు. మన పార్లమెంటు సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో ఎన్నో విషయాలు అడుగుతారు. తమ తమ నియోజకవర్గాలలో అర్హులెందరు, దరఖాస్తు చేసినవారెందరు, అందుకొన్నవారెందరు అని ఈ మూడు సంఖ్యలు అడిగితే, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎంత దూరమున్నదో దేశానికి తెలుస్తుంది.

భోజనాలు ముగిశాయి. ఆ అమ్మాయి మెట్రో ఎక్కడానికి బయలుదేరుతూ, తమ్ముడు ఈసారి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాస్తున్నాడని చెప్పింది. పోర్టల్ పేరు, గడువు నెల, కావలసిన కాగితాలు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇంటికి పంపిందట. "వాడికి మాత్రం తప్పిపోదండి" అన్నది.

ఆ కుర్రవానికి తప్పిపోకపోవచ్చు. ఢిల్లీలో చదివే అక్క లేని తమ్ముళ్లకు ఆ కాగితం ఎవరు రాసి పంపుతారు?