సంపాదకుని మాట: అరికాలి మచ్చ

కొడకండ్ల నేతవాడలో గుంటమగ్గముపై గూర్చున్న వృద్ధుని అరికాలు, తొక్కుడుపలకపై నరగి కాయలు గాచి, ఏబదియేండ్ల పనికి లెక్కపుస్తకమువలె నుండును. ఆ కాయల నడుమ నొక నల్లని మచ్చ పొడసూపినచో, ముల్లు గ్రుచ్చుకొన్న గుఱుతని త్రోసిపుచ్చుట మనకు వాడుక. మెలనోమా యను చర్మార్బుదము మనవారిలో నరుదే గాని, వచ్చినప్పుడు తఱచు ఎండ సోకని అరికాలినో, గోటి యడుగునో యాశ్రయించును.

ఈ సంచిక ప్రధానవ్యాసము ఆ మచ్చలోని జన్యువుల కథ. దేహకణము లన్నిటికిని జన్యుగ్రంథము దాదాపు ఒక్కటే. మగ్గపు జకార్డు అట్టలోని రంధ్రములు ఏ పడుగుపోగు లేవవలెనో నిర్ణయించునట్లు, ఏ జన్యువు పలుకవలెనో, ఏది మిన్నకుండవలెనో అనుటయందే భేదమంతయు. మచ్చ ముదురుకొలది, కణవిభజనకు కళ్లెమువంటి పి16 జన్యువు తఱచు మూగవోవును. పొరుగు చర్మకణములతో నంటిపెట్టి యుంచు ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గి, ఎన్-క్యాడ్‌హెరిన్ హెచ్చగా, కణము కట్టు దప్పి లోపొరలకు జాఱును. 2002లో వెలుగుజూచిన బ్రాఫ్ జన్యుదోషము పెక్కు మెలనోమాలలోనే గాక, నిరపాయమగు పుట్టుమచ్చలందును గలదు. కావున నర్బుదమునకు ఆ యొక్కదోషమే చాలదు.

మచ్చ అంచు చెదరినను, రంగు మాఱినను, నెత్తురు గాఱినను హైదరాబాదు ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రివఱకు పోవుటకు వెనుదీయవలదు. క్యాడ్‌హెరిన్‌కు తెనుగుపేరు కల్పింపబూనితిమి; మా అచ్చుకూర్పరి నవ్వుటచే మానుకొంటిమి.