కరెంటు పోయాక నీళ్ళు మోసేదెవరు?

కరెంటు వ్యవస్థ కుప్పకూలాక మనుషులెలా బతుకుతారన్నది చెప్పే అమెరికన్ నవలలు రెండు చదివాను. వాటిపై పాఠకుల మాటలే నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి.

విలియం ఫోర్స్‌చెన్ 'వన్ సెకండ్ ఆఫ్టర్' (2009)లో నార్త్ కరోలినాలోని చిన్న ఊరిని ఒక మాజీ కల్నల్ ముందుండి నడిపిస్తాడు. అచ్చం నిజంలా ఉందని మెచ్చుకున్నారు నాతో మాట్లాడినవాళ్ళు. ఇన్సులిన్ దొరక్క అతని కూతురు చనిపోయే ఘట్టం నన్నూ ఏడిపించింది, కాదనను. కానీ కథ చివరికి తుపాకుల వైపే పరుగెడుతుంది.

జీన్ హెగ్లండ్ 'ఇంటూ ద ఫారెస్ట్' (1996)లో కాలిఫోర్నియా అడవిలో అక్కచెల్లెళ్ళిద్దరే మిగులుతారు. విత్తనాలు నాటడం, తిండి నిలవ చేసుకోవడం, ఒక అత్యాచారం, ఒక కాన్పు. దీన్ని మాత్రం నత్తనడక అన్నారు, ఏమీ జరగదన్నారు! అత్యాచారం అనవసరమన్న ఒక స్నేహితురాలి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. అయితే ఆ భయం లేని చీకటి ఏ ఆడదానికి తెలుసు?

ఇంటిచాకిరీ 'ఏమీ జరగకపోవడం' ఎలా అయింది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆడలేదు. ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్ళని అడగండి, ఏమీ జరగలేదంటారేమో.