ముందు పరీక్ష.. తర్వాతే పుస్తకం

ఒకటో తరగతి వాచకంలో ఆవు బొమ్మ, దాని కింద ‘ఆవు’ అని పెద్ద అక్షరాలు. పాప గడగడా చదివేస్తుంది. బొమ్మను అరచేత్తో మూసి మళ్లీ చదవమంటే నోరు మెదపదు. అప్పటిదాకా చదివింది బొమ్మనే తప్ప అక్షరాన్ని కాదు. ఈ తరహా చదువుతోనే పిల్లలు పై తరగతులకు వెళ్లిపోతున్నారు. గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమేనని విద్యా స్థితిగతులపై 2024 ‘అసర్‌’ నివేదిక చెప్పింది. 2022లో ఇది 16.3 శాతం. మెరుగుపడిన మాట నిజమే. అయినా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు.

ఇందుకు పేదరికం నుంచి టీచర్ల కొరత దాకా ఎన్నో కారణాలున్నాయి. వాటిలో పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉన్నది ఒకటుంది. ఏ పుస్తకంతో, ఏ పద్ధతిలో చదవడం నేర్పాలన్న నిర్ణయం అది. పిల్లలపై పనిచేస్తుందని రుజువైన సామగ్రినే బడికి పంపాలి. ఈ విషయంలో రాజీ పనికిరాదు.

రాజీపడితే ఏమవుతుందో అమెరికా చూసింది. బొమ్మను, సందర్భాన్ని పట్టుకుని పదాన్ని ఊహించమనే పద్ధతి అక్కడి బడుల్లో దశాబ్దాల పాటు చెలామణి అయింది. అక్షరానికి, ధ్వనికి ఉన్న లంకెను వరుసక్రమంలో నేర్పడమే మేలని 2000లోనే జాతీయ నిపుణుల సంఘం తేల్చినా చాలా బడులు పాత పుస్తకాలను వదల్లేదు. మిసిసిపీ రాష్ట్రం 2013లో పఠనంపై చట్టం తెచ్చింది. టీచర్లకు శిక్షణ ఇచ్చింది, వెనకబడిన బడులకు కోచ్‌లను పంపింది, మూడో తరగతి చివరికి చదవలేని పిల్లలను అదే తరగతిలో ఆపింది. జాబితాలో అట్టడుగున ఉండే ఆ పేద రాష్ట్రం 2019కల్లా నాలుగో తరగతి పఠనంలో జాతీయ సగటును అందుకుంది. న్యూయార్క్‌ నగరం మాత్రం 2023లో గానీ పుస్తకాలు మార్చే పని మొదలుపెట్టలేదు.

అలాగని ఇంగ్లిష్‌ పద్ధతిని తెచ్చి తెలుగుకు అతికిస్తే కుదరదు. మన రాతకు, పలుకుకు పెద్దగా పేచీ లేదు. చిక్కంతా గుర్తుల సంఖ్యతోనే. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపితే వందలవుతాయి. పైగా ప-వ, మ-య వంటి జంటలు పసివాళ్లను తికమకపెడతాయి. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్‌ చేసిన పరిశోధన ప్రకారం ఈ రకం లిపి పట్టుబడటం ఒకటో తరగతితో పూర్తికాదు, ఇంకా కొన్నేళ్లు పడుతుంది. కర్ణాటకలోని యాద్గిర్‌లో, మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో పిల్లల వెంట కొన్నేళ్లు నడిచి 2017లో వెలువడిన ‘లిరిల్‌’ అధ్యయనం, వర్ణమాల వరుసను పట్టుకుని వేలాడవద్దంది. తరచుగా వచ్చే అక్షరాలను గుణింత గుర్తులతో కలిపి కొద్దికొద్దిగా నేర్పాలని, అర్థంపై మొదటి నుంచే దృష్టి పెట్టాలని సూచించింది. ఇది తెలుగుకూ అక్కరకొస్తుంది. ప, ల, క వస్తే చాలు, బిడ్డ పలక, కలప, కల చదువుతుంది. దీర్ఘం తోడైతే పాప, కాపలా కూడా వచ్చేస్తాయి. అర్థమయ్యే మాటను సొంతంగా చదివిన బిడ్డకు బొమ్మ ఆసరా అక్కర్లేదు.

2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేలోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్ర కార్యక్రమం ‘నిపుణ్‌ భారత్‌’ లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ 2022లో ఇదే లక్ష్యంతో ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. లక్ష్యాలకు కొదవ లేదు, కావాల్సింది రుజువు. ‘పరిశోధన ఆధారితం’ అని అట్టమీద అచ్చేసుకోవడం ఏ ప్రచురణ సంస్థకైనా తేలికే. ఏ పిల్లలపై, ఏ భాషలో, ఎంతకాలం పరీక్షించారని అడగాల్సింది కొనేవాళ్లు. బడుల్లో అలాంటి పరీక్షలు సాధ్యం కావన్న సాకూ చెల్లదు. టీచర్లకు ప్రోత్సాహకాలిస్తే పిల్లల చదువు మెరుగవుతుందా అని తేల్చడానికి ఆర్థికవేత్తలు కార్తీక్‌ మురళీధరన్‌, వెంకటేశ్‌ సుందరరామన్‌ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 300 బడుల్లో ప్రయోగం చేసి చూపించారు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు కొత్త వాచకాన్ని, కిట్‌ను ముందుగా కొన్ని బడుల్లో ఏడాదిపాటు వాడి చూడాలి. పాత పుస్తకంతో చదివిన పిల్లలతో ఫలితాలు పోల్చి ప్రజల ముందుంచాలి. ఎంపిక సంఘంలో ఒకటి, రెండు తరగతులకు పాఠం చెప్పే టీచర్లకు చోటివ్వాలి. పుస్తకంతో పాటే శిక్షణకూ నిధులు కేటాయించాలి. ఈ పరీక్షకు నిలవని పుస్తకం ఎంత పేరున్న సంస్థదైనా టెండరు దశలోనే తిరస్కరించాలి.