కాఫీ యందు మితము

నేడు మన పల్లెలలో తెల్లవారుజామున పొయ్యి రాజుట పెక్కిండ్లలో కాఫీ కొఱకో, తేనీటి కొఱకో. దీనిని దురలవాటని దూషించువారు కొందఱు. ఎంత త్రాగినను హాని లేదనువారు మఱికొందఱు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు గావు.

కాఫీ మనకు పరాయి పంట కాదు. అరకులోయ కొండవాలులలో, చెట్ల నీడను, మిరియపు తీగల నడుమ గిరిజన రైతులు దానిని పండించుచున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి గింజలను కొనుచున్నది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. తోడి రైతు చెమటోడ్చి పండించిన దానిని సంతోషముతో సేవించుట తప్పు గాదు.

కాని ఎరువు మంచిదే యైనను మోతాదు మించినచో పైరు మాడును గదా! కాఫీలోని కెఫీను అలసటను మఱపించునే గాని తీర్చదు. శరీరమున దాని పాలు సగమగుటకే సుమారు 5 గంటలు పట్టును. ప్రొద్దుగ్రుంకిన పిదప త్రాగిన కాఫీ నిద్రను హరించును.

రోజునకు 300 మిల్లీగ్రాముల కెఫీను మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించినది. 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 మొదలు 120 మిల్లీగ్రాములును, తేనీటిలో 30 మొదలు 65 మిల్లీగ్రాములును ఉండును. కావున రెండు కప్పుల కాఫీతో తృప్తి చెందుట మేలు. భోజనమునకు గంట ముందును, గంట వెనుకను వీనిని త్రాగవలదనియు ఆ సంస్థ చెప్పినది. ఇందలి టానినులు అన్నములోని యినుమును ఒంటబట్టనీయవు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి మన దేశమున 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. నాట్లకు, కలుపులకు పోవు మన స్త్రీలు చల్దియన్నము మాని కాఫీతోనే కడుపు నింపుకొనుట ఎంత అనర్థము!

మఱియొక మాట. పాడి గల యిండ్లలోనే పాలన్నియు కేంద్రమునకు పోసి, పసిబిడ్డలకు కాఫీనీళ్ళిచ్చుట కలదు. ఇది లాభమని మేమొప్పుకొనజాలము. బిడ్డ గ్లాసెడు పాలు ముందు తీసియుంచి, మిగిలినవి కేంద్రమునకు పోయుదురు గాక. దుకాణములలో అమ్ము శక్తిపానీయములలోను కెఫీనే కలదు. అవి పిల్లలకు తగవని సీసాల మీదనే వ్రాసియుండును.

సభ్యులారా! కాఫీని మానుడని మేము కోరుట లేదు. అది ఆహారమునకు తోడుగా నుండవలెనే గాని, ఆహారము స్థానమున కూర్చుండరాదు.