రోబోను ముట్టుకునేదెవరు?

రాబోయే అయిదేళ్లలో ప్రభుత్వ బళ్లలో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడతామని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఈ పథకం 2016లో నీతి ఆయోగ్ కింద మొదలైంది. 6 నుంచి 12 తరగతుల పిల్లలు సెన్సర్లు, మోటర్లు, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు, త్రీడీ ప్రింటర్లతో సొంతంగా రోబోలు, పరికరాలు చేసుకోవడానికి ఒక గది ఇస్తారు. ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. దేశంలో ఇప్పటికే దాదాపు 10 వేల ల్యాబ్‌లు ఉన్నాయి.

"తిండికి, ఫీజుకే దిక్కులేదు, మన పిల్లలకు రోబోలెందుకు" అనే మాట మన ఉద్యమాల్లోనూ అప్పుడప్పుడు వినపడుతుంది. మేం ఆ మాటతో ఏకీభవించం. రోబో బొమ్మలు, రోబో కిట్లు దళిత పిల్లలకు కావాలి. అయితే అవి బడికి రావడంతోనే పిల్లల చేతికి వచ్చినట్టు కాదు. మధ్యలో ఏం జరుగుతుందో చూడాలి.

పోటీ పెట్టి పంచే గది

ఈ ప్రకటనను జగిత్యాల జిల్లా గొల్లపల్లి నుంచి చూద్దాం. గొల్లపల్లి మండలం ధర్మపురి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. 2019 నుంచి 2023 దాకా ఎస్సీ అభివృద్ధి శాఖ మంత్రిగా పనిచేసిన కొప్పుల ఈశ్వర్ ఇక్కడి ఎమ్మెల్యేనే. 2025 జూన్‌లో అదే శాఖ చేపట్టిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ కూడా ఇక్కడి ఎమ్మెల్యేనే. రెండు ప్రభుత్వాల్లో ఎస్సీ సంక్షేమం చూసే మంత్రులను పంపిన ప్రాంతమిది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు తల్లులు బీడీలు చుడతారు, తండ్రులు గల్ఫ్‌కు పోతారు, సిరిసిల్లలో మరమగ్గాల మీద బతుకుతారు. ఇంట్లో పిల్ల చెయ్యి ఖాళీగా ఉంటే చాటలో ఆకు, తంబాకు కనపడే ప్రాంతం.

ఇలాంటి చోట బడికి ల్యాబ్ ఎట్లా వస్తుంది? ఇన్నేళ్లూ అటల్ ల్యాబ్‌లు దరఖాస్తు, పోటీ పద్ధతిలోనే ఇచ్చారు. మైదాన ప్రాంతంలో అయితే 1,500 చదరపు అడుగుల కట్టడం చూపించాలి. కరెంటు, ఇంటర్నెట్ ఉండాలి. సైన్సు, లెక్కల టీచర్లు ఉండాలి. పైగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, తమ బడి ఎందుకు అర్హమో రాసి ఒప్పించే హెడ్‌మాస్టర్ ఉండాలి. ఇవన్నీ ఉన్న బడికి ఇంకో 20 లక్షలు వస్తాయి, లేని బడికి ఏమీ రాదు. ప్రభుత్వ బళ్లే కాదు, ప్రైవేటు బళ్లు కూడా ఈ పోటీలో ఉన్నాయి. దీన్ని ప్రతిభ అంటారు. కులం పేరు దరఖాస్తులో ఎక్కడా ఉండదు. కానీ గదులు లేని బడి, టీచర్లు లేని బడి ఎవరి వాడ పక్కన ఉంటుందో మనకు తెలుసు.

50 వేల ల్యాబ్‌లు ప్రభుత్వ బళ్లకేనని చెప్పడం ఆ మేరకు మెరుగే. కానీ పాత షరతులే కొనసాగితే, ఆ 50 వేలలో కూడా పెద్ద ఊరి బడి ముందుంటుంది, వాడ పిల్లల బడి చివర మిగులుతుంది.

తాళం పడిన గదుల అనుభవం

ల్యాబ్ వచ్చాక ఏమవుతుందన్నది రెండో ప్రశ్న. దీనికి మన దగ్గర ఒక అనుభవం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య పెట్టారు. ప్రైవేటు ఏజెన్సీలతో అయిదేళ్ల ఒప్పందం. తక్కువ జీతాలకు ఇన్‌స్ట్రక్టర్లను పెట్టారు. 2013లో ఒప్పందం ముగిసింది. ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డారు, యంత్రాలు దుమ్ము పట్టాయి. గది మిగిలింది, నేర్పే మనిషి మిగల్లేదు.

రోబో కిట్ విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పుస్తకం తాళం వేసి ఉన్నా, ఇంకో ప్రతి ఎక్కడైనా దొరుకుతుంది. సర్వో మోటర్, సెన్సర్ అట్లా దొరకవు. పైగా అవి విరుగుతాయి, కాలిపోతాయి. తీగ తప్పు చోట పెడితే బోర్డు పోతుంది. పోయిన వస్తువుకు లెక్క చెప్పాల్సిన టీచర్ ఏం చేస్తారు? బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తనిఖీకి అధికారి వచ్చినప్పుడు తీస్తారు. సైన్స్ ఫెయిర్‌కు ఇద్దరు ముగ్గురు "తెలివైన" పిల్లలకు ఇస్తారు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు.

రోబోటిక్స్ అంటే చేతితో నేర్చుకునే చదువు. బిగించాలి, విప్పాలి, తప్పు చేయాలి, మళ్లీ బిగించాలి. ముట్టుకోకుండా ఇది రాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందితో కలిసి చెరువు నీళ్లు ముట్టుకున్నది, అందరిదైన వస్తువును ముట్టుకునే హక్కు తమకూ ఉందని చాటడానికే. "దూరం నుంచి చూడు, ముట్టుకోకు, పాడు చేస్తావు" అనే మాట ల్యాబ్‌లో దళిత బిడ్డకు వినపడితే, ఆ మాట ఎవరు అన్నారు, ఏ ఉద్దేశంతో అన్నారు అన్నది తర్వాతి సంగతి. ఆ బిడ్డకు అది కొత్త మాట కాదు. కాబట్టి విరగ్గొట్టే హక్కు కూడా ఈ చదువులో భాగమని మేం అంటున్నాం. ప్రతి ల్యాబ్‌కూ విరిగిపోయే సామాను కోసం విడిగా ఏటా కొంత డబ్బు ఉండాలి. పాడైనందుకు టీచర్ మీద గానీ పిల్ల మీద గానీ వసూలు ఉండకూడదు.

ఆదేశం ఎవరు ఇస్తున్నారు?

పిల్లల రోబోల చరిత్రలో సేమూర్ పాపర్ట్ పేరు ముందు చెప్పాలి. దక్షిణాఫ్రికాలో పుట్టి, యువకుడిగా అక్కడి వర్ణ వివక్షను వ్యతిరేకించిన గణిత శాస్త్రవేత్త. తర్వాత అమెరికాలో ఎంఐటీలో పనిచేశాడు. 1967లో సహచరులతో కలిసి లోగో అనే కంప్యూటర్ భాషను తయారు చేశాడు. పిల్లలు ఆ భాషలో "ముందుకు పో, కుడికి తిరుగు" అని ఆదేశిస్తే నేల మీద ఒక తాబేలు రోబో కదిలేది. 1980లో వచ్చిన ఆయన పుస్తకం 'మైండ్‌స్టార్మ్స్' వాదన సూటిగా ఉంటుంది. బళ్లలో కంప్యూటర్ పిల్లవాణ్ణి నడిపిస్తోంది, పిల్లవాడు కంప్యూటర్‌ను నడిపించాలి. లెగో సంస్థ 1998లో ఆ పుస్తకం పేరే పెట్టి రోబో కిట్లు తెచ్చింది. మన దేశంలో ఆ కిట్ ధర పదుల వేల రూపాయల్లో ఉండేది. 2022తో ఆ శ్రేణి ఆగిపోయింది.

పాపర్ట్ ప్రశ్నను తెలంగాణకు తెచ్చి చూద్దాం. 2025లో మన ప్రభుత్వం ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో, చదువులో వెనకబడిన ప్రాథమిక బడి పిల్లలకు కృత్రిమ మేధతో చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. చదవడం రావడం తప్పనిసరే, దాన్ని మేం కాదనడం లేదు. కానీ తేడా గమనించాలి. డబ్బున్న ఇంటి బిడ్డ యంత్రానికి ఆదేశాలివ్వడం నేర్చుకుంటుంది. సర్కారు బడి బిడ్డ యంత్రం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పడం నేర్చుకుంటుంది. రేపు ఒకరు కంప్యూటర్ ముందు ఇంజనీరుగా, ఇంకొకరు యాప్ చెప్పిన దారిలో బండి తోలే డెలివరీ కార్మికులుగా తేలితే ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

మార్కెట్ మాత్రం తన పిల్లవాడెవరో ఎప్పుడో తేల్చుకుంది. 2020లో వైట్‌హ్యాట్ జూనియర్ కోడింగ్ క్లాసుల ప్రకటనల్లో గూగుల్‌లో కోటికి పైగా జీతం కొట్టిన ఒక పిల్లవాడు కనపడేవాడు. వాడు కల్పిత పాత్ర. పేరు వోల్ఫ్ గుప్తా. ఆ ఏడాది ఆ సంస్థ ప్రకటనల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి, కొన్నింటిని వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది. కల్పితం చేసేటప్పుడు కూడా ఆ పేరు చివర గుప్తా అని పెట్టాలనే ఎందుకు తోచిందో ఆలోచించదగ్గ విషయం.

చెయ్యికీ అక్షరానికీ మధ్య గోడ

యంత్రం పట్ల అంబేద్కర్ వైఖరి స్పష్టం. యంత్రాలు మనిషిని చెడగొడతాయన్న గాంధీ వాదాన్ని ఆయన 1945లో వచ్చిన పుస్తకంలో గట్టిగా ఖండించాడు. మనిషి పశువులా చాకిరీ చేయకుండా, తీరిక దొరికి, ఆలోచించగలిగేది యంత్రం వల్లనేనన్నాడు. సమాజం యంత్రాన్ని కొందరి లాభానికి వాడుతుంటే మార్చాల్సింది సమాజాన్ని గానీ యంత్రాన్ని కాదన్నాడు.

కులం చేసిన పెద్ద నష్టాల్లో ఒకటి చెయ్యినీ అక్షరాన్నీ విడదీయడం. తోలు పదును చేసిన మాదిగకు, కుండ చేసిన కుమ్మరికి శాస్త్రం తెలుసు, కానీ అది చదువు కాదన్నారు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' చెప్పేది ఈ సంగతే. జొన్న బెండ్లతో బండి, తాటికాయలతో చక్రాలు చేసుకుని ఆడిన పిల్లలు మన వాడల్లో తరతరాలుగా ఉన్నారు. చేసే చేతులూ రాసే అక్షరాలూ బడిలో ఒకే బల్ల మీద కలిసే అరుదైన చోటు రోబో కిట్. దాని దగ్గర మొదట కూర్చోవాల్సింది ఈ పిల్లలే.

ఏ యంత్రం చేయాలో నిర్ణయించేది కూడా ఆ బల్ల దగ్గరే. 2015 నవంబర్‌లో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఒక ఆటో డ్రైవర్ చనిపోయారు. ఆ ఘటన కదిలించిన కేరళ ఇంజనీరింగ్ విద్యార్థులు తర్వాత మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బాండికూట్ రోబోను తయారు చేశారు. చనిపోయినవాళ్లు తెలుగువాళ్లు, రోబో పుట్టింది కేరళలో. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దళిత పిల్లలు రోబో చేస్తే అది మురుగు కాలువ కోసమే ఉండాలని ఎవరూ అనకూడదు. పై కులాల బిడ్డ గిరగిరా తిరిగే పనికిరాని బొమ్మ చేస్తే సృజన అంటారు. మన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నైపుణ్యం, ఉపాధి, ఉపయోగం అంటారు. ఊరికే ఆడుకోవడం కూడా హక్కే.

ఏం అడగాలి?

కేరళ ఒక దారి చూపించింది. 2025-26లో పదో తరగతి ఐసీటీ పాఠంలో రోబోటిక్స్‌ను పిల్లలందరికీ పెట్టింది. దాదాపు 4.3 లక్షల మంది విద్యార్థులకు ప్రభుత్వ సంస్థ కైట్ 29 వేల కిట్లు ఇచ్చింది. అంటే సుమారు 15 మందికి ఒక కిట్. ఇది చాలదు. కానీ ఎంపిక లేదు, పోటీ లేదు. పాఠంలో ఉంది కాబట్టి టీచర్ బీరువా తెరవక తప్పదు. అందులోని ఆర్డునో బోర్డు, సెన్సర్లు, చిన్న మోటరు అంత ఖరీదైనవి కావు, బోర్డు నకళ్లు మార్కెట్లో కొన్ని వందలకే దొరుకుతాయి. 20 లక్షల గది ఒక బడికి ఇచ్చే బదులు పాఠంతో పాటు కిట్లు అన్ని బళ్లకూ ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

డబ్బుకు దారి కూడా ఉంది. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017లో వచ్చింది. ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాదికి కలపాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ నిధితో సాంఘిక సంక్షేమ గురుకులాలకూ, ఎస్సీ పిల్లలు ఎక్కువున్న మండల బళ్లకూ కిట్లు ఇచ్చి, స్థానికంగా డిప్లొమా, ఐటీఐ చదివిన దళిత యువతను నికరమైన జీతంతో బోధకులుగా పెట్టాలి. పాఠం తెలుగులో ఉండాలి. బీడీల చాట ముందు కూర్చునే ఆడపిల్లలకు బడి సమయంలోనే ఆ పీరియడ్ ఉండాలి, సాయంత్రం క్లబ్బులో కాదు.

విద్యార్థి సంఘాలు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుతో జిల్లా విద్యాధికారిని నాలుగు ప్రశ్నలు అడగండి. మన జిల్లాలో ఏ ఏ బళ్లకు టింకరింగ్ ల్యాబ్ వచ్చింది? ఆ బళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరు? పోయిన ఏడాది ల్యాబ్ ఎన్ని గంటలు తెరిచారు? అందులో పనిచేసిన పిల్లల హాజరు పట్టీ ఉందా? నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబును ముందుగా చదవండి. రోబోను ముట్టుకున్నదెవరో అందులో తెలుస్తుంది.