ఆకాశంలో అంటుసొంటు

విమానంలో ఎవరైనా ఒకమారు దగ్గితే చాలు, చుట్టూ ఉన్న పది తలలు ఆ వైపు తిరుగుతున్నాయి. 2020 తరువాత ఈ తల త్రిప్పుట ఒక అలవాటుగా స్థిరపడింది. దానితోపాటు ఒక వాదమూ స్థిరపడుతున్నది: "జలుబు, దగ్గు ఉన్నవాణ్ణి విమానం ఎక్కనీయరాదు; ఎక్కితే దింపివేయాలి." పెళ్ళి విందులలో విన్నాను, ఉదయపు నడకలో విన్నాను, పిల్లల వద్దకు అమెరికా పోయి వచ్చిన నా ఈడువారి నోట మరీ ఎక్కువగా విన్నాను. విని ఊరకుండుట నా వల్ల కాలేదు. ఈ వాదం శాస్త్రానికి నిలువదు, న్యాయానికి అంతకన్నా నిలువదు. ఎందుకు నిలువదో చెప్పడానికే ఈ టపా.

ముందుగా ఒక మాట. విమానంలో రోగం అంటుకోదని నేను అనడం లేదు. అంటుకుంటుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుండి బీజింగ్ వెళ్ళిన విమానంలో సార్స్ రోగి ఒకడు ప్రయాణించాడు. మూడు గంటల ప్రయాణం, 120 మంది జనం. వారిలో 22 మందికి ఆ వ్యాధి సోకినట్లు తరువాత తేలింది. విచారించగలిగినవారిలో, రోగికి ముందున్న మూడు వరుసలలో కూర్చున్న 23 మందికిగాను 8 మంది జబ్బుపడ్డారు. ఇతర చోట్ల కూర్చున్న 88 మందిలో 10 మంది పడ్డారు. 2020 మార్చిలో లండన్ నుండి హనోయ్ వెళ్ళిన విమానంలో దగ్గుతో ఎక్కిన ఒక ప్రయాణికురాలి వలన 15 మందికి కరోనా సోకి ఉంటుందని పరిశోధకులు తేల్చారు. ఆ పదునైదుగురిలో పన్నెండుగురు ఆమెతోపాటు బిజినెస్ తరగతిలో కూర్చున్నవారే. క్షయ విషయంలో ఎనిమిది గంటలు మించిన ప్రయాణాలలో రోగికి ముందు రెండు వరుసలు, వెనుక రెండు వరుసలు చూడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టింది. కనుక భయం నిరాధారమని ఎవరూ అనలేరు.

అయితే అదే సార్స్ కాలంలో మరొక విమానంలో జబ్బు లక్షణాలున్న నలుగురు కూర్చుని పోతే, మహా అయితే ఒక్కరికి సోకింది. ఒకచోట ఒక్కడి వలన ఇరువదిరెండు మంది. ఇంకొకచోట నలుగురి వలన ఒక్కడు! రోగి ఉండుట ఒక్కటే కారణమైతే లెక్క ఇట్లా తారుమారు కాకూడదు కదా. రోగి ఏ దశలో ఉన్నాడు, ఎంతసేపు ఎవరి ప్రక్కన కూర్చున్నాడు, గాలి ఎట్లా మారుతున్నది అన్న విషయాలను కూడ చూడాలి. దగ్గేవాని మీదికి వ్రేలు చూపేవారు ఇవేవీ చూడరు.

గాలి సంగతికి అలాస్కాలో 1977లో జరిగినదానిని మించిన ఉదాహరణ లేదు. 54 మంది ఉన్న ఒక జెట్ విమానం ఇంజను చెడిపోయి గంటల తరబడి నేలమీదనే నిలిచిపోయింది. ఆ సమయంలో గాలి ప్రసరించే యంత్రం పనిచేయలేదు. ప్రయాణికులలో ఎక్కువమంది లోపలనే ఉండిపోయారు. వారిలో ఒకరికి ఫ్లూ జ్వరం. మూడు రోజులు తిరిగేసరికి నూటికి 72 మంది ప్రయాణికులు మంచం పట్టారు. అందరికీ ఊపిరి అయిన ఆ గాలిని ఆపినందుకు ఎవరిని దింపివేయాలి?

ఇక్కడ విమానసంస్థలు ముందుకు వచ్చి మా గాలి ఆస్పత్రి గాలి అంటాయి. అందులో సగం నిజం ఉన్నది. పెద్ద జెట్ విమానాలలో గాలి గంటకు ఇరువై నుండి ముప్పై మార్లు మారుతుంది. సుమారు సగం బయటి గాలి, తక్కినది లోపలి గాలినే హెపా జల్లెడలతో వడకట్టి మళ్ళీ వదలుతారు. 0.3 మైక్రాను రేణువులను సైతం నూటికి 99.97 వంతు ఆ జల్లెడలు పట్టివేస్తాయి. గాలి పైనుండి క్రిందికి దిగి ప్రక్కనే నేల వద్ద బయటకు పోతుంది కనుక ముప్పైయవ వరుసలోని తుమ్ము మూడవ వరుస దాకా నడచిరాదు. ఇదంతా నిజమే. మరి చెప్పని సగం? ప్రక్కసీటువాని నోటినుండి మన ముక్కుకు వచ్చే గాలికి నడుమ ఏ జల్లెడా లేదు. చిన్న విమానాలలో కొన్నింటికి ఈ జల్లెడలే ఉండవు. ద్వారం వద్ద అరగంట తోపులాట, విమానం దాకా తీసుకొనిపోయే బస్సులో ఒకరి భుజం మీద ఒకరి ఊపిరి, తలుపులు మూసి ఎండలో నిలిపి ఉంచిన విమానం: వీటి ముచ్చట ఏ ప్రకటనలోనూ కనిపించదు. హెపా జల్లెడ పేరు వల్లించేవారు బస్సు పేరు ఎత్తరు!

ఇక దగ్గు. దగ్గిన ప్రతివాడూ అంటువ్యాధి మోసుకొస్తున్నాడా? ఉబ్బసం ఉన్నవాడు దగ్గుతాడు, పొగ త్రాగేవాడు దగ్గుతాడు, కడుపులో పులుపు పైకి తన్నినవాడు దగ్గుతాడు. విమానంలో గాలి తేమ నూటికి పది ఇరువై పాళ్ళకు పడిపోతుంది. ఆ పొడికి గొంతు ఎండి ఏ జబ్బూ లేనివాడు కూడ దగ్గుతాడు. మరొక ప్రక్క, ఫ్లూ వచ్చినవాడు లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందునుండే ఇతరులకు అంటించగలడు. తట్టు సోకిన పిల్లవాడు ఒంటిమీద దద్దు లేవడానికి నాలుగు రోజుల ముందునుండే అంటిస్తాడు. కరోనా కాలంలో నుదుటికి యంత్రం గురిపెట్టి వేడి చూచి లోపలికి పంపినవారిలో ఎందరు జ్వరం లేకుండానే క్రిమిని మోసుకుపోయారో లోకమంతా ఎరుగును. కనుక దగ్గేవాణ్ణి దింపివేసి తక్కినవారందరూ నిశ్చింతగా నిద్రపోవచ్చుననుకోవడం ఇంటి ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరచి ఉంచడం వంటిది.

ఇంతవరకు శాస్త్రం. న్యాయానికి వస్తాను. 2023 డిసెంబరులో హైదరాబాదు నుండి గల్ఫ్ మీదుగా పిల్లల వద్దకు పోతున్నాను. కిటికీ ప్రక్కన ఒక కుర్రవాడు, ముప్పై లోపు వయస్సు, జగిత్యాల వైపు వాడు. నడుమ నేను. నడవ ప్రక్కన ఒక పెద్దమనిషి. విమానం లేచినది మొదలు కుర్రవాడు విడవకుండా దగ్గుతున్నాడు. పెద్దమనిషి రెండు మార్లు చూచి, మూడవమారు మీట నొక్కి విమానసేవికను పిలిచాడు. "ఇలాంటివాళ్ళను ఎక్కించుకుంటే మా ఆరోగ్యాల సంగతేమిటి? వేరే చోటికి మార్చండి" అన్నాడు. ఆమె సీట్లు ఖాళీ లేవని చెప్పి, కుర్రవానికి ఒక మాస్కు, గ్లాసుడు వేడినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతడు మారు మాటాడక మాస్కు కట్టుకున్నాడు. కొంతసేపటికి నా వైపు వంగి మెల్లగా, "సారూ, నాతోని మీకు గూడ తక్లీఫ్ అయితుందా? జెరమేం లేదు సారూ. రాళ్ళు కోసే పని. దుమ్ముకు దగ్గు వట్టింది" అన్నాడు. "నాకేమీ ఇబ్బంది లేదు నాయనా" అన్నాను. అదే సమయంలో మాకు రెండు వరుసల ముందు కోటు తొడుగుకున్న మరొకాయన కూడ ఎడతెరిపి లేకుండా దగ్గుతూనే ఉన్నాడు. ఆయన వైపు ఎవరూ తల త్రిప్పలేదు. మాస్కు కూడ ఎవరూ తెచ్చి ఇవ్వలేదు.

"ఇలాంటివాళ్ళు" అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎలాంటివాళ్ళు? దగ్గేవాళ్ళా? అయితే కోటు ఆయన కూడ ఇలాంటివాడే. మాసిన సంచీ, రంగు వెలిసిన చొక్కా, తెలంగాణ పలుకు. "ఇలాంటి" అన్న విశేషణం క్రింద ఉన్నవి ఇవే. తెలుగు పాఠం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక మాట నన్ను ఊరకే వదలదు. మన భాషలో అంటుట అంటే తాకుట. అదే ధాతువు నుండి మామిడికి అంటు కట్టుట వచ్చింది, ఎంగిలి గిన్నెలకు అంట్లు అన్న పేరు వచ్చింది, అంటువ్యాధి వచ్చింది, అంటరానితనమూ వచ్చింది. ఒకే ధాతువు తోటలోనూ, వంటింట్లోనూ, ఆస్పత్రిలోనూ, ఊరి వెలుపలా పనిచేసింది. ఊరి వెలుపల చేసిన పనిని రాజ్యాంగం 17వ అధికరణంతో నిషేధించింది. అది ఆస్పత్రి వేషం వేసుకుని తిరిగి వస్తే మనం గుర్తుపట్టలేమా? తాతలనాటి మడి పట్టుపంచ కట్టుకునేది, నేటి మడి చేతి శుద్ధి సీసా పట్టుకుంటున్నది. శుభ్రతను నేను వెక్కిరించడం లేదు. శుభ్రత ఎవరి చేతిని వారు కడుక్కుంటుంది. మడి ఎదుటివాణ్ణి దూరం జరగమంటుంది. ఈ తేడా మనవారికి తెలియనిది కాదు.

ప్రయాణికుని మీద అనుమానం మన దేశానికి కొత్త కూడ కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. మరుసటి ఏడే, 1897లో, అంటువ్యాధుల చట్టం వచ్చింది. రైలులోను, ఇతరత్రాను ప్రయాణించేవారిని తనిఖీ చేసే అధికారం ఆ చట్టంలోనే వ్రాసి ఉన్నది. 2020 మార్చిలో ప్రభుత్వాలు బయటికి తీసినది ఆ చట్టాన్నే. ఆ నెలలోనే విదేశాలనుండి దిగినవారి చేతులపై మహారాష్ట్ర, కర్ణాటకలలో సిరా ముద్రలు వేశారు. విదేశం పోయివచ్చిన కుటుంబాలను ఇరుగుపొరుగు ఏ చూపు చూచిందో మనలో చాలమందికి స్వానుభవం. ఆ చూపు మన మీద పడినప్పుడు అన్యాయమన్నాము. నాలుగేండ్లు గడవకముందే అదే చూపును కిటికీ ప్రక్క కుర్రవాని మీదికి మళ్ళించాము!

"ఒంట్లో బాగాలేనివాడు ప్రయాణం మానుకోవచ్చు కదా" అంటారు. మానుకోవచ్చు, మానుకోగలిగినవాడు. గల్ఫ్ కార్మికునికి సెలవు ఫలానా తేదీతో ముగుస్తుంది. ఆ తేదీ దాటితే వీసా చిక్కు, పని పోయే భయం. చవక టిక్కెట్టుకు తేదీ మార్చాలంటే అపరాధ రుసుము, కొన్నిటికి మార్పే ఉండదు, డబ్బు నీళ్ళపాలు. కువాయిత్‌లో ఇంటిపని చేసే కడప, గోదావరి జిల్లాల ఆడబిడ్డ జ్వరమని రెండు రోజులు ఆగితే యజమానురాలు ఆగుతుందా? అమెరికాలో ఉద్యోగం చేసే మన పిల్లలు సైతం మూడు వారాల సెలవులో చివరి రోజు ఫ్లూ వస్తే మాత్ర మింగి విమానం ఎక్కుతున్నారు. ఆగడానికి వీలు లేకుండా చేసి, ఆగలేదని నిందించడం ఏ ధర్మం?

అడగవలసినవారిని అడుగుదాం. వైద్యుని చీటీ చూపినవానికి తేదీ మార్పు రుసుము లేకుండా చేయమని విమానసంస్థలను అడుగుదాం. నేలమీద గాలి ప్రసరణ ఆగిపోతే ప్రయాణికులను లోపల కూర్చోబెట్టక దింపమని అడుగుదాం. బస్సులో సగం మందినే ఎక్కించమని అడుగుదాం. వీటిలో ఒక్కటి కూడ అసాధ్యం కాదు, కాని ప్రతిదానికీ సంస్థకు ఖర్చు ఉన్నది. 2020 జూన్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ మధ్యసీటు వీలైనంతవరకు ఖాళీగా ఉంచమన్నది. వీలు కాకపోతే ఆ సీటువానికి ఒంటిమీద కప్పుకొను గౌను ఇమ్మన్నది. సీటు ఖాళీగా ఉంటే సంస్థకు నష్టం, గౌను తొడిగితే ప్రయాణికునికి ఉక్క. ఖర్చు తగిలేచోట "వీలైనంతవరకు" అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మనం ఒకరినొకరు అనుమానించుకుంటూ కూర్చున్నంతకాలం ఆ మాటను ప్రశ్నించేవాడే ఉండడు.

మన వంతు పని కూడ ఉన్నది. 2022 నవంబరు 16న మన ప్రభుత్వం విమానాలలో మాస్కు నిర్బంధాన్ని ఎత్తివేసింది, పెట్టుకోవడాన్ని నిషేధించలేదు. దగ్గు ఉన్నవాడు తానుగా కట్టుకొనుట మర్యాద. భయం ఉన్నవాడు మంచి మాస్కు తన ముక్కుకే బిగించుకొనుట ఉపాయం. అరువది దాటిన మావంటివారు ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటే మంచిది. తలపైన గాలి వదలే మరను మూయక తెరచి ఉంచవచ్చు. తినేముందు చేయి కడుక్కోవచ్చు. కిటికీ సీటు దొరికితే అందులో కదలక కూర్చోవచ్చు. నడవ ప్రక్కవానికన్నా తాకిడి తక్కువ. ఇన్ని చేయగలిగినవాడు ఎదుటివాణ్ణి దింపమని కేక వేయనక్కరలేదు.

"పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలే అన్నారు, వృద్ధులు జాగ్రత్తపడవద్దా?" అని నా మిత్రుడొకడు నిలదీశాడు. పడాలి. ప్రాణం మీది తీపి నాకూ ఉన్నది, చక్కెర జబ్బూ ఉన్నది. ఆ మాస్కు రోజు నేనూ కట్టుకున్నాను. కాని జాగ్రత్త పేరు చెప్పి, రాళ్ళు కోసి దుమ్ము మింగి ఇంటికి డబ్బు పంపే బిడ్డచేత "నాతోని తక్లీఫ్ అయితుందా" అనిపించుకునే హక్కు నాకు లేదు, ఆ పెద్దమనిషికీ లేదు. ఆ ప్రశ్న అడగవలసినది టిక్కెట్టు అమ్మినవాడు, మనందరినీ.

ఇది నా పక్షం. కాదనేవారు నిర్మొహమాటంగా కాదనండి. ఒక్క షరతు: "ఇలాంటివాళ్ళు" అన్న మాట వాడేముందు ఎలాంటివాళ్ళో వివరించి మరీ వాడండి.