మునిగిన ఓడ... మునిగిన ఊరు

మా మేనల్లుడు అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. రెండు మూడేళ్ళకోసారి కర్నూలుకొస్తాడు. వచ్చినప్పుడల్లా చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చేవాడు కాస్తా ఈసారి ల్యాప్‌టాప్ నిండా ఫొటోలు తెచ్చాడు. ఏ ఫొటో చూసినా ఒకటే నీలం.

"ఏంది నాయనా, అంతా నీలిమందు కలిపినట్టుండాది?" అంది మా అమ్మ, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"సముద్రం అడుగవ్వా ఇది. ఆ కనపడేది ఓడ. మునిగిపోయిన ఓడ. నేను దాని దగ్గరికి దిగినా."

"అయ్యో, ఎంతమంది పోయినారో పాపం!"

"ఎవరూ పోలేదవ్వా. కావాలనే ముంచినారు."

మా అమ్మ వాడికేసి అదోరకంగా చూసింది. కావాలని ముంచడం అన్నమాట మా ఇంట్లో మామూలుగా వినపడే మాట కాదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ ఓడ సంగతి.

దాని పేరు ఒరిస్కనీ. 1950లో అమెరికా నౌకాదళంలో చేరిన విమాన వాహక నౌక. పొడవు దాదాపు 900 అడుగులు. మన ఆర్టీసీ బస్సులు పాతిక వరసగా నిలబెడితే ఎంతో అంత! కొరియా యుద్ధం చూసింది, వియత్నాం యుద్ధం చూసింది. 1966లో ఓడలోనే అగ్నిప్రమాదం జరిగి 44 మంది చనిపోయారు. 1976లో విశ్రాంతి ఇచ్చారు. ముప్ఫయ్యేళ్ళు తుప్పు పట్టాక 2006 మే 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలా తీరానికి దూరంగా తీసుకెళ్ళి, పేలుడు పదార్థాలు పెట్టి ముంచేశారు. 37 నిమిషాల్లో 212 అడుగుల లోతుకు చేరింది.

ఎందుకయ్యా అంటే, చేపల కోసం.

అక్కడ సముద్రపు అడుగంతా ఇసుక మైదానం. ఎండాకాలంలో పత్తికొండ, ఆలూరు వైపు బస్సులో పోయినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కనుచూపు మేర చేలే తప్ప చెట్టుండదు. ఎక్కడో ఒక్క వేపచెట్టు కనిపిస్తే దానికింద గొర్రెలు, గొర్రెల కాపరి, సైకిలు మీద ఐసుపుల్లలమ్మేవాడు, బస్సు కోసం చూసే ముసలమ్మ... లోకమంతా అక్కడే ఉంటుంది. ఇసుక మైదానంలో మునిగిన ఓడ చేపలకు ఆ వేపచెట్టు. పెద్దచేప తరిమితే దూరడానికో సందు, ప్రవాహం కొడితే నిలవడానికో చాటు దొరుకుతుంది.

ముందొచ్చేవి మాత్రం చేపలు కావు. ఇనుము మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు జిగురులా పడతాయి. ఆ జిగురు మీద పాచి పడుతుంది. సముద్రపు నీళ్ళలో కొట్టుకొచ్చే పిల్ల పురుగులు అంటుకోవడానికి గట్టి చోటు వెతుక్కుంటూ ఉంటాయి. బార్నకిల్స్, ఆల్చిప్పలు, స్పాంజీలు, మెత్తటి పగడాలు అలా ఒక్కొక్కటే కాపురం పెడతాయి. వాటిని కొరుక్కుతినే చిన్న చేపలు, చిన్న చేపల కోసం స్నాపర్లు, గ్రూపర్లు, బారకుడాలు... కొన్నేళ్ళకు ఇనుము కనపడదు. మావాడి ఫొటోల్లో ఓడ నిచ్చెన మెట్లకు కూడా బొచ్చు మొలిచినట్టుంది. దీన్నే కృత్రిమ దిబ్బ అంటారు. సముద్రపు చేపంటే ఎండుచేపే తెలిసిన మనకు ఇదంతా వింతే.

అయితే ముంచేశాం, పనైపోయిందంటే కుదరదు. నూనె, ఆస్‌బెస్టాస్, పాత వైర్లు అన్నీ ఊడబెరికి ఆ ఓడను శుభ్రం చేయడానికి ఏళ్ళు పట్టింది. మొత్తం ఖర్చు 2 కోట్ల డాలర్లకు చేరింది. అంత చేసినా వైర్ల తొడుగుల్లో పీసీబీ అనే విష రసాయనం సుమారు 300 కిలోలు మిగిలిందని తెలిసే అనుమతిచ్చారు. దానిమీద తగువు చాలా కాలం నడిచింది. ఇంకో తగువుంది. ఈ దిబ్బల వల్ల చేపలు నిజంగా పెరుగుతున్నాయా, లేక చుట్టుపక్కల ఉన్నవన్నీ ఒకచోట చేరి గాలం వేసేవాడికి సులువవుతోందా అని. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్కమాట మీదకు రాలేదు. అదే ఫ్లోరిడాలో 1970లలో చేపల కోసమంటూ సుమారు 20 లక్షల పాత టైర్లు సముద్రంలో పారేశారు. వాటి మీద ఏదీ సరిగా మొలవలేదు. కట్లు తెగి, అలలకు దొర్లి, పక్కనున్న అసలు పగడాల్ని విరగ్గొట్టాయి. 2007 నుంచి ఏరుతున్నారు. చెత్త పారేయడానికి చేపల పేరు చెప్పుకోవడం కూడా ఉంటుందన్నమాట.

మన దేశంలోనూ మొదలైంది. 2024 జనవరిలో నౌకాదళం నుంచి తప్పుకున్న ఐఎన్‌ఎస్ గుల్దార్ అనే నౌకను మహారాష్ట్రలోని సింధుదుర్గ్ దగ్గర నీటి అడుగు మ్యూజియం చెయ్యడం కోసం 2025లో అక్కడి పర్యాటక సంస్థకు అప్పగించారు. నీళ్ళలో దిగడం నేర్చుకోవాలంటే మనకు విశాఖలో రుషికొండ ఉంది. దిగడం కన్నా పైకి రావడమే కష్టమట. ప్రతి 33 అడుగులకూ ఒంటిమీద మరో గాలిబరువు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే గోలీసోడా మూత తీసినట్టే, రక్తంలో బుడగలు! అందుకే మెల్లగా, మధ్యలో ఆగి ఆగి రావాలి. నేర్చుకునేవాళ్ళను 60 అడుగులు దాటనివ్వరు. ఒరిస్కనీ పైకప్పే 80 అడుగుల దగ్గర ఉంది కాబట్టి మావాడు రెండో పరీక్ష కూడా పాసయ్యాడట. ఇంటర్లో ఫిజిక్సు తప్పినవాడు!

ఇదంతా విని మా అమ్మ అడిగింది ఒకటే. "అబ్బోడా, ఓడను కడగనీకి ఎన్నేండ్లు పట్టిందంటివి?"

"రెండు మూడేండ్లవ్వా."

"ఊఁ" అంది. మాకు అన్ని రోజులు ఇయ్యలేదు అని గొణిగింది.

మాది కృష్ణ ఒడ్డున, నందికొట్కూరు వైపు ఒక పల్లె. ఉండేది. శ్రీశైలం డ్యాముకు నెహ్రూ 1963లో శంకుస్థాపన చేశారు. 1981లో నీళ్ళొచ్చాయి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్ళు, లక్ష ఎకరాల భూమి మునిగాయి. లక్షన్నర మంది దాకా ఊళ్ళు విడిచారు. ఆ వేసవిలో ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు నాకు పదేళ్ళు. మా నాయన దూలాలు, ద్వారబంధాలు పీకి బండికెత్తాడు. రాతిగోడలు, వంటింట్లో తిరగలి, దొడ్లో గాడిపాడి అన్నీ అక్కడే ఉండిపోయాయి. గుళ్ళకు మాత్రం మనుషుల కన్నా మంచి జరిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. మనుషులకు 1986లో ఇంటికో ఉద్యోగమని 98 జీవో వచ్చింది. ఆ జీవో కాగితం పట్టుకుని తిరిగి తిరిగి ముసలివాళ్ళయినవాళ్ళు నాకు తెలుసు. కడప జిల్లాలో 2020లో గండికోట జలాశయం నింపేటప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వాళ్ళు మూటలు సర్దుకోవడం టీవీలో చూసి మా అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆ నీళ్ళు ఎందరి చేలకో అందుతాయని నాకు తెలుసు. నేను తినే సోనామసూరి కూడా అలాంటి నీళ్ళదే. ఆమెకు ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

"మునిగిన మనింట్లో కూడా చేపలు చేరింటాయా రా?" అనడిగింది మనవణ్ణి. వాడికి హుషారొచ్చింది. "పోదాం పదవ్వా, నేను దిగి చూసొస్తా" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఆత్మకూరు మీదుగా సంగమేశ్వరం పోయాం. ఇప్పుడది నంద్యాల జిల్లా. వానాకాలం మొదలైన కొన్నాళ్ళకు మునిగి, ఎండలు మొదలయ్యే వేళకు బయటపడే గుడి. వేపమొద్దు శివలింగం. డ్యాము నిండాక చాలా ఏళ్ళు అసలు కనపడనేలేదు; 2003లో నీళ్ళు బాగా తగ్గినప్పుడు బయటపడితే జనం తిరనాళ్ళలా వెళ్ళారు. మేం పోయేసరికి గోడల నిండా ఎండి పెళుసులు తేరిన ఒండ్రు. రాళ్ళకు అక్కడక్కడా నత్తగుల్లలు. ఒరిస్కనీ ఫొటోల్లోని స్పాంజీలూ లేవు, రంగులూ లేవు.

మావాడు ఆలోచించి చెప్పిన కారణం నాకు సబబే అనిపించింది. దిబ్బ కట్టాలంటే నీళ్ళు ఏడాది పొడవునా కదలకుండా ఉండాలి. మన రిజర్వాయరు నిండు మట్టం 885 అడుగులు. వేసవికి డెబ్బై ఎనభై అడుగులు కూడా దిగిపోతుంది. అంటుకున్న జీవం ప్రతి ఏడూ ఎండకు మాడి చస్తుంది. దానికి తోడు పూడిక. మొదట్లో 308 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల దగ్గరికొచ్చింది. ఆ తగ్గిన జాగా అంతా బురదే. మా గడప ఆ బురదలో ఎన్ని అడుగుల కిందుందో!

ఇంకో మాట చెప్పి అవ్వను నవ్విద్దామనుకున్నాడు వాడు. మన అరుగుకు పరిచిన కడప బండ, బేతంచెర్ల బండ ఉన్నాయే, అవి ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురదేనట. వేంపల్లె కొండల్లో ఉల్లిగడ్డ అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉండే రాళ్ళను స్ట్రోమటోలైట్లంటారు. అవి 150 కోట్ల ఏళ్ళకు మునుపే పాచిలాంటి సూక్ష్మజీవులు కట్టిన దిబ్బలు. అంటే చేపలు పుట్టకముందే మన సీమలో దిబ్బలున్నాయి.

"అయితే ఈ నేల మునగడం కొత్త గాదన్నమాట" అంది అమ్మ. నవ్వలేదు.

ఒడ్డున గుడారాలున్నాయి. విశాఖ వైపు నుంచి వలసొచ్చి, రిజర్వాయరులో చేపలు పట్టుకునే కుటుంబాలు. పుట్టిలోంచి వల దులుపుతున్న పెద్దాయన్ని మావాడు అడిగాడు, ఇక్కడ నీళ్ళలో దిగొచ్చా అని.

"ఈ బురదనీళ్ళల్లో దిగితే మీ చెయ్యి మీకే కనపడదు బాబూ. కింద మొద్దులు, గోడలు. వల తగులుకుందంటే చిరగాల్సిందే. కానీ అక్కడే చేప. జెల్లలు, వాలుగలు రాళ్ళ సందుల్లోనే ఉంటాయి. అందుకే వల పోయినా అక్కడే వేస్తాం."

"ఏ పక్క గోడలు?" అని అమ్మ అడిగింది. ఆయన చెయ్యెత్తి చూపించాడు. అమ్మ అటు చాలాసేపు చూసింది. చింతల తోపు ఎటో, చావడి ఎటో వేలు పెట్టి గాల్లో గీసింది. మేం నీళ్ళు తప్ప ఏమీ చూడలేదు.

ఆయన బుట్టలో రెండు బొచ్చెలు, ఒక వాలుగ ఉన్నాయి. వాలుగ ఎంత అనడిగింది. ఆయన చెప్పాడు.

"మా ఊరి చేపను నాకే అంత ధరకు అమ్ముతావా నాయనా?"

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత ధర తగ్గించలేదు గానీ, బొచ్చె ఒకటి తీసి ఊరికే సంచీలో వేశాడు. అమ్మ వద్దనలేదు. దారి పొడవునా ఆ సంచీ ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూచుంది.